ఇంటి మాటను బడికి తెచ్చిన గిడుగు పంతులు

చదువు రాకపోవడం పిల్లవాడి తప్పా, చెప్పేవాడి తప్పా అన్న ప్రశ్న పాతదే. దానికి తన జీవితంతోనే జవాబు చెప్పిన మహనీయుడు కీ.శే. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు. వాడుక భాష కోసం పోరాడిన వారిగా ఆయన మనందరికీ తెలుసు. అంతకు ముందే ఆయన కొండపిల్లల పంతులు అన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు.

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలో, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజా వారి బడిలో చదువుకున్నారు. గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయన సహాధ్యాయి. 1879లో మెట్రిక్ ప్యాసై, మరుసటి ఏడు పర్లాకిమిడి రాజా వారి బడిలో 30 రూపాయల జీతం మీద చరిత్ర చెప్పే ఉద్యోగంలో చేరారు. పై చదువులన్నీ ఉద్యోగం చేసుకుంటూ ప్రయివేటుగా చదివినవే.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో ఉండేవాళ్ళు సవరలు. వాళ్ళ భాష మన తెలుగుకు చుట్టం కాదు, ముండా కుటుంబానికి చెందినది. దానికి అప్పట్లో లిపి కూడా లేదు. అలాంటి ఇంటి పిల్లవాణ్ణి తెచ్చి తెలుగు బడిలో కూర్చోబెడితే అక్షరం సంగతి అటుంచి, పంతులు మాటే అర్థం కాదు. మొద్దు అన్న పేరు మాత్రం తొందరగానే వస్తుంది.

గిడుగు వారు ఇక్కడ ఒక చిత్రమైన పని చేశారు. వాళ్ళకు మన భాష నేర్పడానికి ముందు తానే వాళ్ళ భాషకు శిష్యుడయ్యారు. తెలుగు, సవర రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకొని ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు తయారు చేశారు. సొంత ఖర్చుతో బడులు పెట్టి సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం బహుమానం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టించమన్నారు.

ఈ పనికి ఆయన చెల్లించిన మూల్యం చిన్నది కాదు. కొండల్లో తిరగ్గా తిరగ్గా మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైను వల్ల చెవుడొచ్చింది. నలుగురి మాట చెవులారా వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి ఆ చెవులే పోయాయి! అయినా పని ఆపలేదు. 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వమే అచ్చు వేసింది. ఆ తర్వాత నిఘంటువులూ వచ్చాయి.

సవరల దగ్గర నేర్చిన పాఠాన్నే ఆయన తెలుగు పిల్లలకూ వర్తింపజేశారు. ఆ రోజుల్లో స్కూలు ఫైనలు కుర్రాడు ఇంట్లో ఒక తెలుగు మాట్లాడి, పరీక్షలో ఇంకో తెలుగు రాయాలి. విషయం తెలిసినా గ్రాంథికం రాక మార్కులు పోయేవి. 1907 ప్రాంతంలో స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు యేట్స్ దొర ఈ తేడా ఎందుకని ఆరా తీయడంతో, గురజాడ, గిడుగు, శ్రీనివాస అయ్యంగారు కలిసి ఉద్యమం లేవదీశారు. 1912-13లో స్కూలు ఫైనలు వ్యాసాన్ని వాడుక భాషలో కూడా రాయవచ్చన్నారు. పండితులు సభలు పెట్టి వ్యతిరేకించడంతో కొద్దికాలానికే అది రద్దయింది. గురజాడ వారు 1915లో కన్నుమూశారు. గిడుగు వారు మాత్రం వెనక్కు తగ్గక, 1919లో 'తెలుగు' అనే మాసపత్రిక పెట్టి ఊరూరా తిరిగి వాదించారు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, అన్నేళ్ళు బతికిన ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టింది. అంటే, గిడుగు వారు తొక్కిన దారిలోకి సర్కారు రావడానికి నూరేళ్ళ పైనే పట్టిందన్నమాట.

ఇదంతా ఎక్కడో కొండల కథ అనుకోనక్కర లేదు. మా కాకుమాను వైపు నల్లరేగడి పల్లెల్లో రైతు పిల్లలున్నారు, కూలి పిల్లలున్నారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఎరుకల వారిది. ఎరుకల వారికి తమ భాష తమకుంది. పదో తరగతికి వచ్చినా పాఠం గడగడా చదవలేని పిల్లలు ఇన్ని రకాల ఇళ్ళ నుంచీ వస్తారు. వేసవిలో నల్లరేగడి బీటలు వారడం, మొదటి వానకు ఉబ్బి పూడిపోవడం రైతు కుర్రాడు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. మన కెమిస్ట్రీ పుస్తకంలో బంకమట్టి నీరు పీల్చుకోవడం అన్నదీ అదే. పాఠం అతని పొలం నుంచి మొదలైతే అతను ముందు వరసలో ఉంటాడు. తెలియని మాటలతో మొదలైతే వెనక బెంచీకి పోతాడు, ఆ తర్వాత బడే మానేస్తాడు.

సెలవుల్లో ఊళ్ళో పిల్లలకు ట్యూషన్లు చెప్పే మిత్రులు మనలో ఎందరో ఉన్నారు. రేపు పంతుళ్ళు కాబోయేవారూ ఉన్నారు. పుస్తకం తెరవక ముందు ఎదుట కూర్చున్న పిల్లవాడి ఇంట్లో ఏ మాట మాట్లాడతారో, ఏ పని చేస్తారో ఒక్కసారి అడిగి తెలుసుకుందాం. గిడుగు వారి ఫొటోకు దండ వేయడం కంటే ఆయనకు ఇష్టమైన పని అదే అయివుంటుంది.