మీసాల తల్లి

బతకలేక బడిపంతులు అన్న సామెత తెలుగునాట పుట్టినదే అయినా, అందులోని చిన్నచూపు దేశమంతటా ఉన్నదే. వేరొక జీవనోపాధి దొరకనివారే పసిపిల్లలకు అక్షరాలు దిద్దించడానికి వస్తారని లోకం అనుకొనేది. అటువంటి కాలంలో, చక్కగా సాగుతున్న న్యాయవాదవృత్తిని కాదనుకొని ఒక వ్యక్తి బడిలో చేరారు. చేరిన నాలుగేండ్లకు ఉన్నత తరగతులను సైతం విడిచి, ఇంకా పలక పట్టడం చేతకాని పసివారి నడుమ కూర్చున్నారు. ఆయనే గిజుభాయి బధేకా.

గిజుభాయి 1885 నవంబరు 15న సౌరాష్ట్రలోని చితల్ గ్రామంలో జన్మించారు. అసలు పేరు గిరిజాశంకర్. భావనగర్‌లో చదువుకొన్నారు. 1907లో బతుకుతెరువు వెదుక్కొంటూ తూర్పు ఆఫ్రికాకు వెళ్ళి, కొంతకాలానికి తిరిగివచ్చి, బొంబాయిలో న్యాయశాస్త్రం అభ్యసించారు. అటుపై వఢ్వాణ్‌లో వకీలుగా పేరు తెచ్చుకొన్నారు. అంతవరకు ఆయన జీవితంలో విశేషమేమీ లేదు. చదువుకొన్న మధ్యతరగతి యువకులు ఎందరో నడిచిన బాటయే అది.

1913లో ఆయనకు కుమారుడు కలిగాడు. ఈ పసివానిని ఏ బడికి పంపాలి అన్న ప్రశ్న తండ్రిని నిలువనీయలేదు. ఆనాటి బడి అంటే బెత్తం, వల్లెవేత, భయం. మన వీధిబడులలో కోదండం వేయడం వంటి శిక్షలు ఉన్నట్లే, బెత్తం మోగితేనే విద్య అబ్బుతుందనే సామెత గుజరాతీలోనూ ఉన్నది. ఆ చేతులలో కన్నబిడ్డను పెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. తన అన్వేషణలో భాగంగా వసో గ్రామంలోని విద్యాభిమాని మోతీభాయి అమీన్‌ను కలుసుకొన్నారు. ఆయన ద్వారా మాంటిసోరి గ్రంథం గిజుభాయి చేతికి వచ్చింది. ఇటలీకి చెందిన వైద్యురాలు మరియా మాంటిసోరి రోమ్ నగరంలో తొలి శిశుగృహాన్ని తెరచినది 1907లో. గిజుభాయి ఆఫ్రికా ఓడ ఎక్కినదీ ఆ సంవత్సరమే. శిశువుకు తనంతట తాను నేర్చుకొనే శక్తి ఉన్నదనీ, పెద్దలు అందుకు తగిన పరిసరాలను కల్పించవలెననీ ఆమె సిద్ధాంతం. సొంత బిడ్డకోసం మొదలైన చదువు ఆయన దృష్టిని ఊరి బిడ్డలందరివైపు మరల్చింది.

భావనగర్‌లో నానాభాయి భట్ 1910లో దక్షిణామూర్తి విద్యార్థి భవనాన్ని స్థాపించి ఉన్నారు. 1916లో గిజుభాయి వకీలు వృత్తిని వదలి ఆ సంస్థలో చేరి, దాని ఉన్నత పాఠశాలయైన వినయ మందిరానికి ఆచార్యులైనారు. అక్కడే ఆయనకు అసలు సంగతి బోధపడింది. తన వద్దకు వచ్చే పిల్లలు అప్పటికే భయపడడం నేర్చి వస్తున్నారు. అడిగినదానికి జవాబు చెప్పడమే తప్ప తామై ప్రశ్నించడం మరచిపోయారు. గట్టిపడిన మట్టిని మలచబోవడం కన్న, మెత్తగా ఉన్ననాడే దాని దగ్గర ఉండడం మేలని తలచి, 1920లో రెండున్నరేండ్లు దాటిన పిల్లలకై బాలమందిరాన్ని ప్రారంభించారు. పై మెట్టునుండి కింది మెట్టుకు దిగడంగా లోకులకు కనిపించిన ఈ మార్పు ఆయనకు మాత్రం పునాది వద్దకు చేరుకోవడమే.

బాలమందిరంలో బెత్తం లేదు, బహుమానమూ లేదు. బహుమానాన్ని కూడా దూరంగా ఉంచడం గమనింపదగినది. శిక్ష వలె అది కూడా పిల్లవాని దృష్టిని పనినుండి మరలిస్తుందని ఆయన భావించారు. మాంటిసోరి ఉపకరణాలను స్వీకరించినా ఆమె చెప్పినదంతా ఆయన తలకెత్తుకోలేదు. పసివారికి కల్పితగాథలు చెప్పడాన్ని ఆమె అంతగా ఇష్టపడలేదు. గిజుభాయి సౌరాష్ట్ర జానపదకథలను, పాటలను, నాటకాలను బడిలోకి ఆహ్వానించారు. గుబురుమీసాల ఆ మనిషి చుట్టూ పిల్లలు చేరి కథలకై మారాము చేసేవారు. మూఛాళీ మా, అనగా మీసాల తల్లి అన్న పేరు ఆయనకు అట్లా స్థిరపడింది.

ఆయన రచనలలో ప్రసిద్ధమైన దివాస్వప్న తెలుగులోకి కూడా వచ్చింది. అందులో లక్ష్మీరామ్ అనే ఉపాధ్యాయుడు నాల్గవ తరగతిని ప్రయోగానికై చేపడతాడు. మొదటి రోజే అతని పథకం భగ్నమవుతుంది. మౌనంగా కూర్చోబెట్టే ఆట ఆడించబోగా పిల్లలు గోల చేస్తారు. మరునాడు అతడు కథ ఎత్తుకొంటాడు, తరగతి నిశ్శబ్దమవుతుంది. తోటి ఉపాధ్యాయులు పరిహసిస్తారు, సంవత్సరాంత పరీక్ష తరుముకొస్తూ ఉంటుంది. అపజయంతో మొదలుపెట్టడమే ఆ గ్రంథానికి బలం. బడిలో నిలబడినవాడు మాత్రమే అట్లా వ్రాయగలడు.

గిజుభాయి 1936లో దక్షిణామూర్తి సంస్థనుండి తప్పుకొన్నారు. 1939 జూన్ 23న, ఏబది మూడేండ్ల వయస్సులో, బొంబాయిలో మరణించారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ కూడా రాజకోటలో స్త్రీల శిక్షణ కళాశాల ప్రిన్సిపాలు పదవిని వదలి పసిపిల్లల చదువుకై వచ్చినవారే. ఆమె 1945లో మహారాష్ట్రలోని బోర్డీ గ్రామంలో, ఆ తరువాత కొస్‌బాడ్ కొండమీద ఆదివాసీ బాలలకై పనిచేశారు. అక్కడి పిల్లలు బడికి రాకపోతే వారి వాడల ముంగిళ్ళలోనే బాలవాడీలు నడిపారు. పశువులను కాచే పిల్లలకై పచ్చికబయళ్ళలో పాఠాలు చెప్పించారు.