సాంఖ్యక శాస్త్ర నిర్మాత రొనాల్డ్ ఫిషర్

ఒకే ఉప్పు పొట్లాన్ని రెండు త్రాసులపై పలుమార్లు తూచామనుకుందాం. ఒకదాని తూకాలు దగ్గరదగ్గరగా, రెండవదానివి చెల్లాచెదురుగా ఉన్నాయి. ఈ చెదురుపాటు కొలతే విస్తృతి. విస్తృతులు సమానం కానప్పుడు, సగటుల మధ్య కనిపించే భేదం యథార్థమా, యాదృచ్ఛికమా? ఉప్పుగూడలో సాంఖ్యక శాస్త్రం అభ్యసించే మనకు ఈ ప్రశ్న ఎదురైనప్పుడు స్మరణకు వచ్చే మహనీయుడు సర్ రొనాల్డ్ ఐల్మర్ ఫిషర్.

ఆయన 1890 ఫిబ్రవరి 17న లండన్‌లో జన్మించారు. చూపు మందగించినందున దీపకాంతిలో చదవరాదని వైద్యులు నిషేధించగా, లెక్కలను మనోనేత్రంతో దర్శించడం అలవరచుకున్నారు. కేంబ్రిడ్జిలో పట్టభద్రులై, కొంతకాలం ఉపాధ్యాయవృత్తిలో గడిపి, 1919లో రొథాంస్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరారు. అక్కడి పంటపొలాల లెక్కల నుండే విస్తృతి విశ్లేషణ రూపొందింది. 1938 జనవరిలో కలకత్తాలో జరిగిన ప్రథమ భారత సాంఖ్యక మహాసభకు ఆయనే అధ్యక్షత వహించారు.

అయితే ఆ విశ్లేషణ అన్ని సమూహాల విస్తృతి ఒకటేనని భావిస్తుంది. చిన్న సమూహానికే పెద్ద విస్తృతి ఉంటే, అన్నింటినీ కలిపి లెక్కించినప్పుడు లేని భేదం ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. 1929లో బెరెన్స్ సూచించిన పరిష్కారాన్ని ఫిషర్ 1935లో సమర్థించారు. ప్రయోగాన్ని మళ్ళీమళ్ళీ చేస్తే ఆ పరీక్ష చెప్పిన దోషపరిమితి నిలవదని బార్ట్‌లెట్ 1936లో ఆక్షేపించారు. విస్తృతులను విడివిడిగా ఉంచి, స్వాతంత్ర్య పరిమాణాలను సవరించే మార్గాన్ని వెల్చ్ చూపారు. ఫిషర్ మాత్రం తన పట్టు విడువలేదు. నేడు ప్రయోగశాలల్లో విరివిగా వాడుకలో ఉన్నది వెల్చ్ పద్ధతే.

ధూమపానం క్యాన్సర్‌కు కారణమన్న నిర్ణయాన్ని కూడా ఆయన చివరి సంవత్సరాల్లో ప్రతిఘటించారు. కాలం ఆయన పక్షాన తీర్పు చెప్పలేదు. మహామేధావి మాటనైనా సాక్ష్యంతో తూచవలసిందే. 1962 జూలై 29న ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఆయన పరమపదించారు.

ఆయన పర్యవేక్షణలో 1948లో కేంబ్రిడ్జి డాక్టరేటు పొందిన తెలుగు తేజం, ఆంధ్ర విశ్వవిద్యాలయ పూర్వవిద్యార్థి సి. ఆర్. రావు, అసమాన విస్తృతులను పరిశీలనల నుండే అంచనా వేసే విధానాన్ని 1970లో ప్రకటించారు. గురువు సంధించిన ప్రశ్నను శిష్యుడు మరొక దారిన ముందుకు నడిపించారు. సగటులను పోల్చబోయే ముందు చెదురుపాటును పరికించడమే మనం వారిరువురికీ అర్పించగల గౌరవం.