నిద్రలేని రాత్రులు – విలియం కౌపర్

గురుగ్రామ్‌లోని ఎత్తైన మేడలలో అర్ధరాత్రి దాటినను ఆరని దీపములెన్నో. పరదేశపు గడియారమునకు లోబడి రాత్రియెల్ల పనిచేయువారు కొందరు. పని ముగిసినను దిగులుచేత కన్ను మూతపడనివారు కొందరు. వారిలో మన తెలుగు బిడ్డలును ఉందురు. అట్టివారి నిమిత్తము భక్తకవియైన విలియం కౌపర్‌ను జ్ఞాపకము చేసికొందము.

కౌపర్ 1731లో ఇంగ్లండులోని బెర్కమ్‌స్టెడ్‌లో ఒక సంఘకాపరి యింట జన్మించెను. ఆరవ యేటనే తల్లిని పోగొట్టుకొనెను. న్యాయవిద్య నభ్యసించెను గాని, 1763లో ప్రభువుల సభలో ఉద్యోగమునకై పరీక్షకు నిలువవలసి వచ్చినప్పుడు భయముచేత మతి చలించి, ప్రాణము తీసికొనుటకు సయితము యత్నించెను. సెయింట్ ఆల్బన్స్‌లో నథానియేల్ కాటన్ అను వైద్యుడు ఆయనను కనికరముతో చూచెను. అక్కడనే 1764లో రోమా పత్రిక మూడవ అధ్యాయము చదువుచు కౌపర్ క్రీస్తునందు సమాధానము పొందెను.

తరువాత ఓల్నీ గ్రామమున జాన్ న్యూటన్ స్నేహములో కీర్తనలు రచించెను. అయితే 1773లో చీకటి మరల కమ్మెను. దేవుడు తన్ను విడిచివేసెనను తీర్పును ఒక రాత్రి కలలో వినినట్లు ఆయనకు తోచెను. ఆ కల ఆయనను మరణపర్యంతము విడువలేదు. వృద్ధాప్యమున, వేకువ మెలకువలో వినబడిన మాటలను దైవవాక్కులని యెంచి, టీడన్ అను బడిపంతులుకు వ్రాయుచుండెడివాడు.

అయినను స్నేహితులు ఆయనను విడువలేదు. న్యూటన్ ఏడాదికి పైగా తన యింట నుంచుకొనెను. మేరీ అన్విన్ అను విధవరాలు ఏండ్ల తరబడి పరిచర్య చేసెను. తోటపనియు, కుందేళ్ల పెంపకమును ఊరట నిచ్చెను. 1782లో ఒక సాయంకాలము స్నేహితురాలు చెప్పిన హాస్యకథను తలంచుకొని, రాత్రి మేలుకొని నవ్వుచు, దానిని గేయకథగా మలచెను. నిద్రలేని రాత్రి ఒకటి ఆ విధముగా సంతోషముతో గడచెను. 1779లో అచ్చయిన ఓల్నీ కీర్తనలలోని ఆయన పాటలు లెక్కలేనంతమందిని ఆదరించెను. ఆయన మాత్రము 1800 ఏప్రిల్ 25న నిరాశతోనే కన్నుమూసెను.

నిద్రలేమి మానసిక కృంగుదలకు గుర్తు మాత్రమే కాదనియు, దానిని తెచ్చి పెంచగలదనియు నేటి వైద్యులు చెప్పుచున్నారు. అలసిన మనస్సు నడిరాత్రి పలుకు తీర్పు దేవుని తీర్పు కాదు. బదరీవృక్షము క్రింద చావు కోరిన ఏలీయాను దేవుడు గద్దింపలేదు. ముందుగా నిద్రను, రొట్టెను, నీళ్లను ఇచ్చెను.

ప్రియ చదువరీ, నీ యింట నిద్రపట్టని వారున్నయెడల విశ్వాసము చాలదని నిందింపకుము. ప్రార్థించుము, వైద్యునియొద్దకు తోడుకొని పొమ్ము, తెల్లవారువరకు ప్రక్కన కూర్చుండుము. న్యూటన్ చేసినది అదియే.