చెడుగాలి నుండి దోమ వరకు

రోగకారణం తెలియనంత కాలం మానవుడు ఊహలను ఆశ్రయిస్తాడు. చిత్తడి నేలల నుండి వెలువడే విషవాయువులే మలేరియాకు మూలమని ఐరోపా వైద్యులు శతాబ్దాల తరబడి విశ్వసించారు. ఇటాలియన్ భాషలో మలేరియా అంటే చెడుగాలి అని అర్థం. చిత్తడి నేలలకు దూరంగా నివసించేవారికి ఆ జ్వరం అంతగా సోకకపోవడంతో ఆ సిద్ధాంతం మరింత బలపడింది. ఆ నీటిలోనే పుట్టి పెరిగే దోమను అనుమానించినవారు అరుదు.

ఈ భ్రమను తొలగించినవారిలో అగ్రగణ్యుడు సర్ రోనాల్డ్ రాస్. ఆయన 1857 మే 13న హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో జన్మించాడు. తండ్రి భారత సైన్యంలో ఉన్నతాధికారి. కవిత్వం, సంగీతం, గణితం పట్ల మక్కువ గల రాస్ తండ్రి కోరికపై లండన్‌లో వైద్యవిద్య నభ్యసించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించాడు.

అంతకు ముందు సంవత్సరమే ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ అల్జీరియాలో రోగుల రక్తంలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. రాస్ మొదట దానిని విశ్వసించలేదు. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ ఆ జీవిని సూక్ష్మదర్శినిలో ప్రత్యక్షంగా చూపగానే తన అభిప్రాయాన్ని విడనాడాడు. ఆ జీవి దోమలో పెరుగుతుందేమోనన్న మాన్సన్ ఊహను నిరూపించడమే ఆయన ధ్యేయమైంది.

1895లో రాస్ సికింద్రాబాదు చేరాడు. రోగులను కుట్టిన దోమలను రెండేళ్ళపాటు కోసి పరీక్షించినా ఫలితం శూన్యం. ఆయన ఎంచుకున్న దోమజాతులు వేరు కావడమే అందుకు కారణం. గాలికి దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వాడలేదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. చివరకు మచ్చల రెక్కల దోమలు లభించాయి. హుసేన్ ఖాన్ అనే రోగి దోమకు ఒక అణా చొప్పున ప్రతిఫలం పొంది, వాటిచేత కుట్టించుకున్నాడు. 1897 ఆగస్టు 20న అటువంటి దోమ జీర్ణాశయపు గోడలో పరాన్నజీవి రాస్‌కు కనిపించింది.

మరుసటి సంవత్సరం కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశీలించి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటు ద్వారా వ్యాపిస్తుందని నిరూపించాడు. అదే ఏడు ఇటలీ శాస్త్రజ్ఞుడు గ్రాసీ, ఆయన సహచరులు మానవులలో మలేరియాను వ్యాపింపజేసేది అనాఫిలిస్ దోమ అని నిర్ధారించారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి లభించింది. 1932 సెప్టెంబరు 16న ఆయన లండన్‌లో కన్నుమూశాడు.

చెడుగాలి సిద్ధాంతం అంతరించింది. దాని పేరు మాత్రం రోగానికి మిగిలిపోయింది. నిజం ఎదురైనపుడు తన అభిప్రాయాన్ని సైతం త్యజించగలవాడే సత్యాన్వేషి అని రాస్ జీవితం మనకు బోధిస్తుంది.