కార్వెట్‌ను నిలబెట్టిన ఇంజినీరు జోరా ఆర్కస్-డంటోవ్

అమెరికా స్పోర్ట్స్ కార్లలో షెవర్లే కార్వెట్‌ది విశిష్ట స్థానం. 1953లో తయారైన తొలి 300 కార్లలో ఏదైనా నేడు అమ్మకానికి వస్తే పాతకార్ల సేకర్తలు పోటీపడతారు. అయితే విపణిలోకి వచ్చిన రెండేళ్లకే, కొనేవారు కరవై, ఆ కారు ఉత్పత్తి నిలిచిపోయే ప్రమాదం ఏర్పడింది. ఆ దశలో దానికి అండగా నిలిచిన వారిలో ముఖ్యులు జోరా ఆర్కస్-డంటోవ్.

ఆయన 1909 డిసెంబరు 25న బ్రస్సెల్స్ నగరంలో రష్యా నుంచి వచ్చిన యూదు దంపతులకు జన్మించారు. విప్లవకాలపు పెట్రోగ్రాడ్‌లో పెరిగి, బెర్లిన్‌లో ఇంజినీరింగ్ అభ్యసించారు. రెండో ప్రపంచయుద్ధం ఆరంభమయ్యాక ఫ్రెంచ్ వైమానిక దళంలో చేరారు. 1940లో ఫ్రాన్స్ పతనమైన తరువాత భార్య ఎల్ఫీ, సోదరుడు యూరాలతో పాటు అమెరికాకు వలస వెళ్లారు. అక్కడ అన్నదమ్ములు స్థాపించిన ఆర్డన్ సంస్థ, ఫోర్డ్ వి-8 ఇంజిన్ల శక్తిని పెంచే సిలిండర్ హెడ్లను తయారుచేసింది.

1953 జనవరిలో న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్‌లో జరిగిన జనరల్ మోటార్స్ ప్రదర్శనలో డంటోవ్ కార్వెట్‌ను తొలిసారి చూశారు. హార్లీ ఎర్ల్ నేతృత్వంలో రూపొందిన ఆ కారు అందం ఆయనను ఆకట్టుకుంది. కానీ 150 అశ్వశక్తి గల ఆరు సిలిండర్ల ఇంజిను, రెండు గేర్ల ఆటోమేటిక్ వ్యవస్థ ఆ అందానికి తగినవి కావని భావించారు. షెవర్లే చీఫ్ ఇంజినీరు ఎడ్ కోల్‌కు లేఖ రాసి, అదే ఏడాది మే నెలలో సంస్థలో చేరారు.

1954లో 3,640 కార్లు తయారుకాగా, వేయికి పైగా మిగిలిపోయాయి. మరుసటి ఏడాది ఉత్పత్తి 700కు పడిపోయింది. అప్పటికే ఫోర్డ్ థండర్‌బర్డ్ పోటీకి దిగింది. ఈ తరుణంలో కార్వెట్‌ను విరమిస్తే సంస్థ ఓటమిని అంగీకరించినట్లేనని డంటోవ్ 1954 అక్టోబరులో యాజమాన్యానికి లిఖితపూర్వకంగా నివేదించారు. కోల్ ఆధ్వర్యంలో రూపొందిన వి-8 ఇంజిను 1955లో కార్వెట్‌కు అమరింది. దాని కోసం డంటోవ్ ప్రత్యేక క్యామ్‌షాఫ్ట్‌ను రూపొందించి, 1956 జనవరిలో డేటోనా సముద్రతీరంలో స్వయంగా కారు నడిపి గంటకు 150 మైళ్ల వేగాన్ని సాధించారు. 1957లో ఫ్యూయెల్ ఇంజెక్షన్, 1963లో వెనుక చక్రాలకు స్వతంత్ర సస్పెన్షన్ వచ్చాయి. ఆ 1963 నమూనా ఉత్పత్తి 21 వేలు దాటింది.

ఇంజినును డ్రైవరు వెనుక, కారు మధ్యభాగంలో అమర్చాలన్న ఆయన ప్రతిపాదన మాత్రం నెరవేరలేదు. ప్రయోగాత్మక నమూనాలు నిర్మించినా, యాజమాన్యం వాటిని ఉత్పత్తికి అనుమతించలేదు. ఆ కోరిక తీరకుండానే 1975లో పదవీ విరమణ చేశారు. 1996 ఏప్రిల్ 21న తన 86వ ఏట కన్నుమూశారు. ఆయన చితాభస్మాన్ని కెంటకీ రాష్ట్రం బౌలింగ్ గ్రీన్‌లోని జాతీయ కార్వెట్ మ్యూజియంలో భద్రపరిచారు.

ఆయన మరణించిన 23 ఏళ్లకు, 2019 జులైలో, మధ్యభాగాన ఇంజిను గల కార్వెట్‌ను సంస్థ ఆవిష్కరించింది. నేడు విక్రయిస్తున్న కార్వెట్ ఆ నమూనాకు చెందినదే.