పరదేశపు విపణిలో జంషెడ్జీ టాటా

స్వదేశమున సరకు తయారు చేయుట ఒక విద్య. దానిని పరదేశమునకు చేర్చి, అమ్మి, మాట నిలుపుకొనుట వేరొక విద్య. ఉక్కు కర్మాగారమును తలపెట్టిన మహనీయునిగా జంషెడ్జీ టాటాను అందరును ఎరుగుదురు. అంతకుముందు ఆయన పరదేశ వ్యాపారమున పొందిన శిక్షణను ఎరిగినవారు కొందరే. ఆ శిక్షణలో అధికభాగము నష్టముల వలన కలిగినదే.

జంషెడ్జీ 1839 మార్చి 3వ తేదీన, నేటి గుజరాతులోని నవసారిలో, పారశీక పురోహిత వంశమున జన్మించెను. తండ్రి నస్సర్వాన్జీ బొంబాయి వర్తకుడు. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదువు ముగించిన పిమ్మట కుమారుడు 1859లో హాంకాంగు చేరెను. ఇటనుండి దూది, నల్లమందు పోవుచుండెడివి. అటనుండి తేయాకు, పట్టు వచ్చుచుండెడివి. నల్లమందు వర్తకము నేడు హేయముగా తోచును. కాని నాటి బొంబాయి వర్తకులలో పలువురకు చైనా ద్వారము అదియే. హుండీల నడక, ఓడల రాకపోకలు, కొనువాని అభిరుచి ఆయనకు అచ్చటనే తెలిసెను.

అమెరికాలో అంతర్యుద్ధము జరుగుచున్నందున లాంకషైరు మిల్లులకు అచ్చటి దూది అందక, బొంబాయి దూదికి బంగారు ధర పలికెను. ఆ దినములలోనే జంషెడ్జీ లండను వెళ్ళెను. 1865లో యుద్ధము ముగియగానే ధర కూలెను. చేతనున్న పత్రములు చిత్తుకాగితములయ్యెను. పరదేశమున ఒంటరిగా నున్న యువకుడు అప్పులవారి నుండి తప్పించుకొనలేదు. లెక్కలన్నియు వారి యెదుట పరచెను. వారు ఆయన నిజాయితీకి మెచ్చి, ఆ సంస్థ వ్యవహారములను చక్కబెట్టు పనిని ఆయనకే అప్పగించిరి. తండ్రి ఋణము తీర్చుటకై ఇల్లు అమ్ముకొనెను. ధనము పోయినను పరపతి నిలిచినది. పరదేశ వ్యాపారమునకు అదియే మొదటి మూలధనమని ఆయన గ్రహించెను.

పిదప లాంకషైరు మిల్లులను స్వయముగా పరిశీలించి వచ్చి, 1877 జనవరి 1వ తేదీన నాగపూరులో ఎంప్రెస్ మిల్లును ప్రారంభించెను. దానికి మేనేజరుగా ఎన్నుకొన్న బెజోన్జీ మెహతా నూలు పని ఎరుగని రైల్వే ఉద్యోగి. కాని పనివారిని నడుపుట తెలిసినవాడు. మొదట కొన్న యంత్రములు నాసిరకమై సరకు చెడగా, ఆయన వానిని మార్పించెను. రింగు కదుళ్ళను ఇతరులు సందేహించుచుండగనే తెప్పించెను. 1886లో చేపట్టిన స్వదేశీ మిల్లు సరకు చైనా, జపాను దేశముల విపణులకు చేరెను.

అచ్చట వేరొక అడ్డంకి ఎదురయ్యెను. సరకు మనదైనను ఓడ మనది కాదు. తూర్పు సముద్రమున పి. అండ్ ఓ. కంపెనీయు, దానితో ఒడంబడిక గల మరి రెండు ఐరోపా కంపెనీలును కలిసి రవాణా కూలిని నిర్ణయించుచుండెడివి. 1893లో జంషెడ్జీ జపాను వెళ్ళి, నిప్పన్ యూసెన్ కైషా అను ఓడల సంస్థతో ఒప్పందము చేసికొనెను. తానును నష్టభారమును పంచుకొనుటకై ఇంగ్లీషు ఓడలను అద్దెకు తీసికొని నడిపెను. ప్రత్యర్థులు కూలిని నామమాత్రమునకు తగ్గించిరి. ఆయన ప్రభుత్వమునకు మొర పెట్టుకొనినను ఫలితము లేకపోయెను. మొదట వెంట నిలిచిన మిల్లు యజమానులు చౌక కూలికి ఆశపడి ఒక్కొక్కరే తొలగిరి. ఆయన భారీ నష్టముతో ఓడలను విరమించుకొనెను. కూలి మరల పైకెక్కెను. ఓడల లెక్కలో ఆయన తప్పలేదు. తోడివారి ఓర్పును గూర్చిన లెక్కయే తప్పినది. జపాను సంస్థ మాత్రము ఆ మార్గమున నిలిచెను.

ఈ అపజయము ఆయనను ముడుచుకొనునట్లు చేయలేదు. ఉక్కు పరిశ్రమకై 1902లో అమెరికా వెళ్ళి, అరువది మూడేండ్ల ప్రాయమున విద్యార్థివలె గనులను, కొలుములను చూచి నిపుణులను వెదకెను. 1904 మే 19వ తేదీన జర్మనీలోని నౌహైములో కన్నుమూసెను. ఆయన తలపెట్టిన ఉక్కు నగరమున తరువాతి తరములలో ఎందరో తెలుగు కార్మికులు స్థిరపడిరి.

ఓడల కోరిక ఆయనతో అంతరింపలేదు. 1919లో సింధియా కంపెనీవారి లాయల్టీ ఓడ బొంబాయి నుండి ఇంగ్లండునకు సాగెను. 1948 మార్చిలో, మన విశాఖపట్టణమున నిర్మితమైన జల ఉష అను ఓడను జవహర్‌లాల్ నెహ్రూ నీటిలోనికి విడిచెను. జంషెడ్జీ అద్దెకు తెచ్చుకొని పోగొట్టుకొన్నదానిని దేశము స్వయముగా నిర్మించుకొనుటకు అర్ధశతాబ్దమునకు పైగా పట్టెను. ఒకడు నష్టపడి తెలిసికొన్న సత్యము, దానిని మరువనివారు వెనుక నున్నపుడు, జాతికి లాభముగా పరిణమించును.