వి.వి. గిరి: ఖరగ్‌పుర్ రైల్వే కాలనీ తుపాకుల ఎదుట కార్మికులను ఏకం చేసిన నాయకుడు

అది 1927 ఫిబ్రవరి. బెంగాల్ నాగ్‌పుర్ రైల్వేకు గుండెకాయ వంటి ఖరగ్‌పుర్‌లో కార్మికులు సమ్మెకు దిగారు. స్టేషన్‌లో రైళ్లు నిలిచిపోయాయి. గుమిగూడిన కార్మికులను చెదరగొట్టడానికి పోలీసులతో పాటు ఆగ్జిలరీ ఫోర్స్ దళాన్ని కూడా రంగంలోకి దించారు. బాయొనెట్లు ప్రయోగించారు. తుపాకులు పేలాయి. పలువురు కార్మికులు గాయపడ్డారు.

ఆ దళంలోని వారు ఎక్కడి నుంచో వచ్చిన సైనికులు కారు. అదే రైల్వేలో పనిచేస్తున్న ఐరోపా, ఆంగ్లో ఇండియన్ ఉద్యోగులు. తమ కాలనీని, కుటుంబాలను, రైల్వే ఆస్తులను కాపాడుకోవడానికని ప్రభుత్వం వారికి తుపాకులిచ్చి శిక్షణ ఇప్పించింది. ఇంటి రక్షణకని ఇచ్చిన ఆ ఆయుధం గురి, తమతో ఒకే కర్మాగారంలో చెమటోడ్చే మనుషుల వైపు తిరిగింది.

ఆ కార్మికుల పక్షాన నిలిచిన ప్రముఖులలో బరంపురానికి చెందిన ఒక తెలుగు న్యాయవాది ఉన్నారు. ఆయనే వరాహగిరి వేంకటగిరి. నలభై రెండేళ్ల తర్వాత భారత రాష్ట్రపతి పదవిని అధిష్ఠించిన వి.వి. గిరి.

డబ్లిన్‌లో తొలి పాఠాలు

గిరి 1894 ఆగస్టు 10న అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన గంజాం జిల్లా బరంపురంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది. తల్లి సుభద్రమ్మ జాతీయోద్యమంలో పాల్గొన్న మహిళ. ఉన్నత చదువుల కోసం ఆ రోజుల్లో సంపన్న కుటుంబాల యువకులు ఎక్కువగా ఇంగ్లండ్ వెళ్లేవారు. గిరి మాత్రం 1913లో ఐర్లండ్ రాజధాని డబ్లిన్ చేరి, అక్కడి యూనివర్సిటీ కాలేజీలో న్యాయశాస్త్ర విద్యార్థి అయ్యారు.

అప్పటికి డబ్లిన్ నగరం లాకౌట్‌తో అట్టుడుకుతోంది. యూనియన్‌లో చేరిన కార్మికులను యజమానులు పనిలోకి రానివ్వలేదు. పోలీసుల లాఠీల నుంచి తమను తాము కాపాడుకోవడానికి ఆ ఏడాది నవంబరులో కార్మికులు ఐరిష్ సిటిజన్ ఆర్మీని ఏర్పాటు చేసుకున్నారు. మరుసటి ఏడాది జులైలో ఐరిష్ వాలంటీర్ల కోసం పాతకాలపు మౌజర్ రైఫిళ్లు హౌత్ రేవుకు రహస్యంగా చేరాయి. అదే రోజు నగరంలో బ్రిటిష్ సైనికులు జనంపై కాల్పులు జరిపి కొందరి ప్రాణాలు తీశారు.

1916 ఏప్రిల్‌లో ఈస్టర్ తిరుగుబాటు వచ్చింది. వారం తిరగకముందే దాన్ని అణచివేశారు. గిరి చదువుకున్న కాలేజీలో సాహిత్యం బోధించిన థామస్ మెక్‌డొనా సహా తిరుగుబాటు నాయకులను కాల్చి చంపారు. భారతీయ విద్యార్థులపైనా పోలీసులకు అనుమానం కలిగింది. గిరి న్యాయవాదిగా అర్హత పొంది, అదే ఏడాది ఐర్లండ్ విడిచి వెళ్లవలసి వచ్చింది.

తుపాకీ ఎవరి చేతిలో ఉంటే న్యాయం వారి వైపే మొగ్గడాన్నీ, తుపాకీకి తుపాకీతో జవాబిచ్చినవారి గతినీ ఆయన యువకుడిగా దగ్గర నుంచి చూశారు. స్వదేశానికి వచ్చాక మాత్రం ఆయన చేపట్టినది ఆయుధం కాదు, సంఘటిత కార్మిక శక్తి.

ఒకే ఊరు, రెండు లోకాలు

బెంగాల్ నాగ్‌పుర్ రైల్వే 20వ శతాబ్ది ఆరంభంలో ఖరగ్‌పుర్‌లో భారీ వర్క్‌షాపును నెలకొల్పింది. కటక్, బరంపురం మీదుగా వాల్తేరు దాకా సాగే తూర్పుతీర మార్గం కూడా ఆ కంపెనీ చేతికే వచ్చింది. ఆ పట్టాల వెంటే విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి వేలాది తెలుగు కుటుంబాలు ఖరగ్‌పుర్ చేరాయి. ఫిట్టర్లు, ఫైర్‌మన్లు, ఖలాసీలు, గ్యాంగ్‌మన్లుగా వారు స్థిరపడ్డారు. బెంగాల్ గడ్డ మీద తెలుగు వినిపించే బస్తీలు వెలిశాయి.

అయితే ఆ ఊరు రెండుగా ఉండేది. ఒకవైపు విశాలమైన తోటలతో ఐరోపా అధికారుల బంగళాలు, వారి క్లబ్బులు. మరోవైపు కార్మికుల ఇరుకు క్వార్టర్లు. జీతంలోనూ, సెలవుల్లోనూ, పదోన్నతుల్లోనూ జాతి భేదం ఉండేది. ఆయుధం విషయంలోనూ అంతే.

1878 నాటి ఆయుధాల చట్టం ప్రకారం భారతీయుడు తుపాకీ ఉంచుకోవాలంటే లైసెన్సు తప్పనిసరి. ఐరోపావారికి నిబంధనలలో మినహాయింపు లభించింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత నిబంధనలు మారినా, ఆచరణలో అంతరం తొలగలేదు. 1920లో వచ్చిన ఆగ్జిలరీ ఫోర్స్ చట్టం ఐరోపా, ఆంగ్లో ఇండియన్ పౌరులకు మాత్రమే ఉద్దేశించినది. రైల్వేలలో ఆ వర్గాలవారు దళంలో చేరడం ఉద్యోగంలో భాగమన్నట్టుగా సాగేది. డ్రైవరు, గార్డు, ఫోర్‌మన్ పగలు డ్యూటీ చేసి, కవాతు రోజున యూనిఫారం వేసుకుని చాంద్‌మారీ మైదానంలో గురి సాధన చేసేవారు.

గురి అనేది దూరాన్ని బట్టి మారుతుంది. ఆనాటి బ్రిటిష్ సైన్యపు ప్రధాన ఆయుధమైన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు గొట్టం కొసన ఒక సన్నని మొన, వెనుక గాడి ఉన్న ఒక పలక ఉండేవి. ఆ పలకను 200 గజాల నుంచి 2,000 గజాల దాకా జరిపి దూరాన్ని సరిచేసుకోవాలి. అది యుద్ధభూమి కోసం చేసిన ఏర్పాటు. ఇంటి గుమ్మంలోనో, రైలు ప్లాట్‌ఫాం మీదనో ఎదుటి మనిషి ఉండేది పది, ఇరవై గజాల దూరంలో. అంత దగ్గరలో గజాల కొలతతో పనిలేదు. ఎదుట ఉన్నది దొంగా, పొరుగువాడా, ఆకలితో సమ్మె చేస్తున్న కార్మికుడా అని గుర్తించడమే అక్కడ అసలు ప్రశ్న. ఆ విచక్షణను ఏ పలకా ఇవ్వలేదు.

కాల్పుల తర్వాత

గిరి అప్పటికే కార్మికోద్యమంలో పేరు పొందారు. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ స్థాపకులలో ఒకరు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించారు. బెంగాల్ నాగ్‌పుర్ రైల్వే కార్మిక సంఘానికి ఆయన నాయకత్వం లభించింది. సొంత ఊరు ఆ రైలు మార్గం మీదే ఉండటం, సభ్యులలో తెలుగువారు పెద్దసంఖ్యలో ఉండటం ఆ బంధాన్ని మరింత బలపరిచాయి.

ఫిబ్రవరి సమ్మె మార్చిలో ముగిసినా శాంతి నిలవలేదు. ఖరగ్‌పుర్ వర్క్‌షాపులో పెద్దసంఖ్యలో ఉద్యోగాలు తొలగించాలని కంపెనీ నిర్ణయించింది. కార్మికులు ప్రతిఘటించడంతో సెప్టెంబరులో లాకౌట్ ప్రకటించింది. పద్నాలుగేళ్ల కిందట డబ్లిన్‌లో చూసిన దృశ్యమే గిరికి మళ్లీ ఎదురైంది. మూసిన గేటు, జీతం లేని ఇళ్లు, పహరా కాస్తున్న తుపాకులు. ఆ ప్రతిష్టంభన డిసెంబరు దాకా సాగింది.

కాల్పులు జరిగిన ఏడాదిలోనే ఆకలి కూడా తోడైతే రెచ్చిపోవడం కార్మికులకు సులభం. కంపెనీకి కూడా బలప్రయోగానికి అంతకంటే మంచి సాకు దొరకదు. ఆ సాకు ఇవ్వకుండా పోరాటాన్ని అహింసాయుతంగా నడపడమే గిరి నాయకత్వంలోని ప్రత్యేకత. తొలగింపులకు గురైనవారి హక్కుల కోసం 1928 దాకా సాగిన ఆ ఆందోళన కంపెనీనీ, ప్రభుత్వాన్నీ సంఘంతో మాట్లాడక తప్పని స్థితికి తెచ్చింది. భారత కార్మికోద్యమ చరిత్రలో దాన్ని ఒక మైలురాయిగా చెబుతారు.

ఆయుధం హక్కు, హిజ్లీ విషాదం

ఆత్మరక్షణకు ఆయుధం ఎవరికి ఉండాలన్న ప్రశ్న ఆ తర్వాత జాతీయ స్థాయికి చేరింది. అహింసావాది అయిన గాంధీ సైతం 1930లో వైస్రాయి ముందుంచిన పదకొండు కోర్కెలలో, ఆత్మరక్షణ కోసం పౌరులకు తుపాకీ లైసెన్సులు ఇవ్వాలన్న కోరికను చేర్చారు. 1931 మార్చిలో కరాచీ కాంగ్రెస్ నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకోవడాన్ని పౌరహక్కులలో ఒకటిగా పేర్కొంది. తుపాకీ మీద మోజు కన్నా, చట్టం ముందు అందరూ సమానులే కావాలన్న ఆకాంక్షే వాటి వెనుక ఉంది.

ఆ ఏడాది సెప్టెంబరు 16న ఖరగ్‌పుర్ పక్కనే ఉన్న హిజ్లీ నిర్బంధ శిబిరంలో పోలీసులు నిరాయుధ ఖైదీలపై కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. రవీంద్రనాథ్ ఠాగూర్ కలకత్తాలో బహిరంగ సభకు వచ్చి నిరసన తెలిపారు. అప్పుడు లండన్‌లో రెండో రౌండ్ టేబుల్ సమావేశం జరుగుతోంది. దానికి కార్మికుల ప్రతినిధిగా హాజరైనవారిలో గిరి ఒకరు. స్వాతంత్ర్యం వచ్చాక అదే హిజ్లీలో దేశపు తొలి ఐఐటీ వెలిసింది.

పదవులు, పరీక్షలు

1937 ఎన్నికలలో గిరి బొబ్బిలి రాజాను ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మికశాఖ చేపట్టారు. స్వాతంత్ర్యానంతరం సిలోన్‌లో హైకమిషనర్‌గా పనిచేశారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై నెహ్రూ ప్రభుత్వంలో కార్మికమంత్రి అయ్యారు. వివాదాలను కోర్టులకు, ట్రిబ్యునళ్లకు వదిలేయకుండా ఇరుపక్షాలూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్నది ఆయన విధానం. అది గిరి మార్గంగా పేరు పొందింది. బ్యాంకు ఉద్యోగులకు అనుకూలంగా వచ్చిన తీర్పును ప్రభుత్వం తగ్గించి అమలు చేయబోగా, 1954లో ఆయన మంత్రి పదవిని వదులుకున్నారు.

ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా, ఆపై ఉపరాష్ట్రపతిగా పనిచేసిన గిరి, 1969లో స్వతంత్ర అభ్యర్థిగా పోటీచేసి నీలం సంజీవరెడ్డిపై స్వల్ప ఆధిక్యంతో గెలిచి రాష్ట్రపతి అయ్యారు.

పదవీకాలం ముగింపునకు మూడు నెలల ముందు ఆయన జీవితంలోనే అతి కఠినమైన ఘట్టం ఎదురైంది. 1974 మే 8న దేశవ్యాప్త రైల్వే సమ్మె మొదలైంది. పిలుపునిచ్చినవారిలో ముందున్నది ఒకప్పుడు గిరి నిర్మించిన రైల్వేమెన్ ఫెడరేషనే. దాని అధ్యక్షుడు జార్జ్ ఫెర్నాండెజ్. ప్రభుత్వం వేలాది మందిని అరెస్టు చేసింది. రైళ్లు నడపడానికి టెరిటోరియల్ ఆర్మీ రైల్వే దళాలను దించింది. మూడు వారాలు తిరగకముందే సమ్మె విరమించారు. 1927లో గేటు బయట కార్మికుల వైపు నిలిచిన మనిషి, 1974లో రాజ్యాంగరీత్యా ఆ ప్రభుత్వానికి అధిపతి. కేంద్రమంత్రిగా రాజీనామా చేసినట్టు రాష్ట్రపతిగా ఆయన పక్కకు తప్పుకోలేదు. ఆయన జీవితాన్ని అంచనా వేసేవారు ఈ రెండు ఘట్టాలనూ పక్కపక్కనే ఉంచి చూడక తప్పదు.

1975లో భారతరత్న పురస్కారం అందుకున్న గిరి, 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థ ఇప్పుడు ఆయన పేరుతోనే నడుస్తోంది.

ఖరగ్‌పుర్‌లో ఆగ్జిలరీ ఫోర్స్ 1947తో చరిత్రలో కలిసిపోయింది. వర్క్‌షాపు, పొడవైన ప్లాట్‌ఫాం, తెలుగు కుటుంబాలు మాత్రం మిగిలాయి. ఆ కాలనీలో ఇల్లు అంటే కొన్ని బంగళాలే అనుకున్నంతకాలం, మిగిలినవారంతా గురికి ఎదురుగానే ఉండిపోయారు. ఖలాసీ గుడిసె కూడా ఆ ఇంటిలో భాగమేనని ఒప్పించడానికి గిరి ఖరగ్‌పుర్‌లో ఎంచుకున్న సాధనాలు సంఘం, సహనం, సంప్రదింపులు.